నలభై శాతం

"అమ్మాయి వైకల్యం నలభై శాతం ఉంటేనే పన్ను మినహాయింపండీ. రిటర్నుకి వారమే గడువు," అన్నారు ఆడిటరుగారు.

అందుకే భవానీప్రసాద్ జగ్గయ్యపేట నుంచి కూతురు సింధూరని తీసుకుని, వైకల్యం సర్టిఫికెట్లిచ్చే నందిగామ సదరం క్యాంపుకి వచ్చాడు. సిమెంటు ఫ్యాక్టరీ జీతంలో కోసిన పన్ను వెనక్కి వస్తే సింధూర కాలి ఆపరేషనుకు అడ్వాన్సు కట్టొచ్చు. అప్పు పుట్టే చోట్లన్నీ ఎప్పుడో అయిపోయాయి.

డాక్టరు ముందు కాస్త ఎక్కువ కుంటమ్మా అని కన్నబిడ్డతో ఎలా అనగలడు? క్యాంపు ఎందుకో కూడా చెప్పలేదు.

"ఆ గోడ దాకా నడువు తల్లీ," అన్నారు డాక్టరు.

ఇంట్లో మంచం పట్టుకుని నడిచే పిల్ల, తిన్నగా గోడ దాకా వెళ్లి తిన్నగా తిరిగొచ్చింది.

డాక్టరు ముప్పై శాతమని రాసేశారు.

"ఇంట్లో ఇట్లా నడవదండీ! ఇంకొక్కసారి చూడండి, మీకు దణ్ణం పెడతా."

"పిల్ల బాగా నడిస్తే ఏడుస్తాడేంటయ్యా ఈయన!" అని వరసలో ఎవరో నవ్వారు.

బయటకు రాగానే సింధూర మెట్ల మీద కూలబడింది. నొప్పిని ఓర్చుకోవడానికి కొరుక్కున్న పెదవి మీద నెత్తురు కనిపిస్తోంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"నువ్వు డ్యూటీకెళ్లాక రోజూ ప్రాక్టీసు చేశా నాన్నా. ఇంత బాగా నడిస్తే ఆపరేషను అక్కర్లేదంటారుగా? నీకు ఆ ఖర్చు తప్పుద్దని."