పది చుట్లు

ఏడో చుట్టు చివర మైకు ఆగిపోయి గోడ పట్టుకున్నాడు.

"ఇంకా మూడు," అన్నాడు కుర్చీలో కూర్చున్న ముసలాయన.

మైకుకు ఒళ్లు మండింది. తిడదామని నోరు తెరిచాడు కానీ, తిట్టుకు సరిపడా ఊపిరి లేదు.

ఒకప్పుడు కూరగాయల మార్కెట్లో అతను వేలం పాట ఎత్తుకుంటే వీధి చివరిదాకా వినిపించేది. మైకు అన్న పేరు అలా వచ్చిందే. ముప్ఫై ఏళ్లు ఊదిన సిగరెట్లు ఆ గొంతును బూడిద చేశాయి. ఇప్పుడు ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, వెనకాలే సిలిండరు బండి లాగుతూ భార్య. ఊపిరితిత్తులు మార్చడం తప్ప వేరే దారి లేదని డాక్టరు తేల్చేశాడు.

మార్పిడి కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో పేరైతే ఎక్కింది. అక్కడే ఉంది మెలిక. ఆసుపత్రి వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక చుట్టు. ఆరు నిమిషాల్లో అలాంటివి పది నడవాలి. అంత పెద్ద ఆపరేషన్ను తట్టుకునే సత్తువ ఒంట్లో ఉందనడానికి అదే రుజువు. నెలాఖరు పరీక్షలో నడవలేకపోతే పేరు కొట్టేస్తారు. ఆ తర్వాత ఏమిటన్నది ఎవరూ పైకి అనరు.

అందుకే రోజూ సాధన. నడిపించేది ఫిజియోథెరపీ అమ్మాయి. చుట్లు లెక్కపెట్టేది మాత్రం ఆ ముసలాయన. ఇస్త్రీ చొక్కా, చేతికి వాచీ. కుర్చీలోంచి కదలడు, రెండు ముక్కలకు మించి మాట్లాడడు. రోగులంతా ఆయనకు హెడ్మాస్టరని పేరు పెట్టేశారు.

కూర్చుని జీతం తీసుకోవడమంటే ఇదేనని మైకు రోజూ సణిగేవాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించొద్దని భార్య మందలించేది. ఒకరోజు ఉండబట్టలేక ఫిజియో అమ్మాయికి ఫిర్యాదే చేశాడు. ఆమె ఏదో చెప్పబోయి, కుర్చీ వైపు చూసి ఊరుకుంది.

పరీక్ష రేపనగా, ఎనిమిదో చుట్టు చివర కాళ్లు మొరాయించాయి. ఇక తన వల్ల కాదనీ, పేరు కొట్టేసుకుంటే కొట్టేసుకోమనీ మైకు అనేసరికి భార్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రెండే," అన్నాడు హెడ్మాస్టరు.

"గట్టు మీద కూర్చుని... ఎన్నైనా చెప్తారు. లేచి నడవండి... చూద్దాం."

ఫిజియో అమ్మాయి వద్దన్నట్టు ముందుకొచ్చింది. ముసలాయన చెయ్యెత్తి ఆమెను ఆపి, మోకాళ్ల మీద చేతులాన్చి లేచాడు.

"పద," అన్నాడు.

ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. ముసలాడి కంటే వెనకబడితే రేపు మార్కెట్లో మొహం ఎలా చూపించాలి? మైకు పంతం కొద్దీ అడుగు వేశాడు. సన్నగా ఈల వేస్తున్నట్టు ఊపిరి వినబడుతూనే ఉంది. అది తనదే అనుకున్నాడు. రెండు చుట్లూ పూర్తయ్యాయి.

మర్నాడు పరీక్షలోనూ పది నడిచాడు. ఇంకా కొన్ని క్షణాలు మిగిలాయి కూడా.

మూడు వారాలకు కబురొచ్చింది. చనిపోతూ ఎవరో పుణ్యాత్ముడు ఇచ్చిన ఊపిరితిత్తులు అతనికి సరిపోయాయి.

నాలుగు నెలల తర్వాత చెకప్‌కి వచ్చిన మైకు లిఫ్టు వద్దని మెట్లెక్కాడు. ఈసారి ఆయాసపడింది భార్యే. ముందు హెడ్మాస్టరుకు క్షమాపణ చెప్పుకోవాలి, తర్వాత ఆయన కుర్చీని వేలం వేసి ఆయన్ను నవ్వించి తీరాలి. దారంతా అదే ఉత్సాహం.

కుర్చీ ఖాళీగా ఉంది.

"మాస్టారు రిటైరైపోయారా?" అన్నాడు. ఆ గొంతుకు రెండు గదుల్లోంచి జనం తొంగి చూశారు.

ఆయన పోయి రెండు నెలలైందని ఫిజియో అమ్మాయి చెప్పింది. మైకు ఆ ఖాళీ కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. ఇల్లెక్కడో కనుక్కుని వెళ్లి రావాలనిపించింది. ఈ ఆసుపత్రిలో ఎన్నేళ్లు పనిచేశారని అడిగాడు.

"ఆయన ఇక్కడ పనిచేయలేదు బాబాయ్. రోజూ తన సిలిండరు నా గదిలో వదిలేసి వచ్చి కూర్చునేవారు. తెలిస్తే మీరంతా భయపడి ఆగిపోతారని నా చేత ఒట్టు వేయించుకున్నారు."

"సిలిండరేంటమ్మా?"

ఆమె వరండా వైపు చూస్తూ చెప్పింది.

"నాలుగేళ్ల కిందట మేం జాబితాలోంచి పేరు కొట్టేసిన మనిషి ఆయన. ఎనిమిది చుట్లు దాటలేకపోయారని రాసిచ్చింది నేనే."