తీగల పిచ్చిది

ఆండాళమ్మ కారు డబ్ల్యూఆర్‌ఎస్ రైల్వే కాలనీకి రావడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఫణిశ్రీ ఆమెను గుమ్మంలోంచే తిప్పి పంపింది. ఈసారి లోపలికి రానిచ్చింది గాని, కుర్చీ మాత్రం వెయ్యలేదు.

రాయ్‌పూర్ తెలుగువాళ్ళు సగంమంది బంగారం కొనేది ఆండాళమ్మ భర్త భీమారావు షాపులోనే. ఆమె ఎవరింటికి వెళ్ళినా కుర్చీ తుడిచి మరీ వేస్తారు. ఇక్కడేమో నేలంతా రాగి తీగ చుట్టలు, పట్టకారులు, తలెత్తకుండా తీగ మెలితిప్పుతున్న నలుగురు ఆడవాళ్ళు. నిలబడే మాట్లాడింది.

"మా పిల్ల కల్యాణి మొండిపట్టు పట్టింది బిడ్డా. ఇన్‌స్టాగ్రామ్‌ల చూసిందంట. పెండ్లిల హల్దీకి నీ తీగ నగలే కావాల్నంటది. ఇంట్ల ఇంత బంగారం పెట్టుకొని ఇదేం పిచ్చో! ఎంతైనా ఇస్త."

"డబ్బులొద్దమ్మగారూ."

"మరేం కావాలె?"

ఫణిశ్రీ చేతిలో పట్టకారు కింద పెట్టింది. ఈ ప్రశ్న కోసం తొమ్మిదేళ్ళు కాచుకుని ఉంది మరి.

"ఆరోజు అందరి ముందూ అన్నారు. ఇప్పుడు అందరి ముందే మాఫీ అడగండి. మీ షాపులోనే. అక్షయ తృతీయ నాడే."

"పాగల్ అయినవా? ఆరోజు కాలనీ అంతా షాపులనే ఉంటది!"

"అప్పుడూ అంతా అక్కడే ఉన్నారు కదమ్మా."

ఆండాళమ్మ ముఖం మాడిపోయింది. ఫణిశ్రీకి కడుపు నిండినట్టయింది.

తొమ్మిదేళ్ళ కిందట ఫణిశ్రీ ఆ షాపులో నగలకు చీటీలు కట్టే పని చేసేది. తీగ కనిపిస్తే ఆమె చేతులు ఊరుకునేవి కావు. కాలిపోయిన ఫ్యాను మోటారు తీగ, ఇత్తడి తీగ, ఏది దొరికినా వంచి, మెలితిప్పి, ఏదో ఒకటి చేసి ఒంటిమీద వేసుకునేది. "బంగారం షాపుల ఈ కచరా ఏందే?" అని ఆండాళమ్మ ముక్కు చిట్లించేది. కంసాలి అచ్చయ్య వెనక గదిలో బంగారు తీగ లాగుతుంటే ఫణిశ్రీ గుమ్మం దగ్గర నిలబడి రెప్ప వెయ్యకుండా చూసేది. అదే కొంప ముంచింది.

ఆ ఏడు అక్షయ తృతీయ నాడు అచ్చయ్య లాగి పెట్టిన రెండు తులాల తీగ చుట్ట మాయమైంది. షాపు కిటకిటలాడుతోంది. ఆండాళమ్మ వెనకా ముందూ చూడలేదు.

"ఇంకెవరు తీస్తరు? ఈ తీగల పిచ్చిదే!"

అంతమందిలో ఫణిశ్రీని నడిమధ్య నిలబెట్టి చేతులెత్తమంది. కొప్పు విప్పించింది. జాకెట్టు తడిమింది. టిఫిన్ డబ్బాలో అన్నం వేళ్ళతో కెలికింది. ఏమీ దొరకలేదు. దొరకకపోయినా పనిలోంచి తీసేసింది. అదీ న్యాయం!

ఆ తర్వాత కాలనీలో ఫణిశ్రీ ఎదురైతే పక్కింటి మాలతి లాంటివాళ్ళు పర్సు చంకలోకి లాక్కునేవాళ్ళు. పేరంటానికి పిలిచేవాళ్ళు లేరు. ఫణిశ్రీ ఏడవలేదు. ఆ నెలలోనే ధర్సీవా తుక్కు దుకాణాల నుంచి కిలోల కొద్దీ తీగ తెచ్చింది. మంచి పనిముట్లు కొంది. చిన్న షెడ్డు వేసింది. కసి అంటే ఇదీ అనుకున్నారు జనం. పగలంతా తీగ వంచుతూ, ప్రతి మెలికకూ ఆండాళమ్మను తిట్టుకునేది. అలా తిట్టుకుంటూనే చెవిపోగులు, వంకీలు, వడ్డాణాలు చేసింది. మొదట పక్క వీధి కొంది, తర్వాత అభన్‌పూర్, తర్వాత ఇన్‌స్టాగ్రామ్. ఇప్పుడు బంగారం షాపు కూతురే ఆ కచరా కావాలంటోంది.

అక్షయ తృతీయ వచ్చింది. షాపులో కాలు పెట్టే చోటు లేదు. ఫణిశ్రీ నగల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కౌంటరు ముందు కూర్చుంది. ఈసారి కుర్చీ వేశారు.

ఆండాళమ్మ గొంతు సవరించుకుంది. "ఈ పిల్లను నేను… అప్పుడు తప్పు మాట అన్న."

"ఏ మాటమ్మా? వెనకవాళ్ళకి వినబడట్లేదు."

"దొంగ అన్న."

"అయితే?"

"దొంగ కాదు." ఆండాళమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మాఫ్ చెయ్యి బిడ్డా."

"నాతో కాదు. ఆ లక్ష్మీదేవి పటం మీద చెయ్యేసి చెప్పండి."

 భీమారావు తల దించుకున్నాడు. ఆండాళమ్మ పటం మీద చెయ్యి వేసి మళ్ళీ చెప్పింది. మాలతి పరుగున వచ్చి ఫణిశ్రీని కావలించుకుంది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. కల్యాణి సిగ్గుపడుతూ వచ్చి పెట్టె అందుకుంది.

భీమారావు మెల్లగా అడిగాడు. "మరి ఆ తీగ ఎటు పోయినట్టు బిడ్డా?"

"మీ షాపు, మీ సామాను. నన్నడిగితే ఏటి సెప్తాను బాబూ?"

 ఫణిశ్రీ బయటికి వచ్చి ఆటో ఎక్కింది. తొమ్మిదేళ్ళ బరువు దిగిపోయినట్టుంది.

ఆనాడు ఆ రెండు తులాల తీగనూ ఇత్తడి తీగతో కలిపి పేని, గాజులుగా ముంజేతులకు వేసుకుని, ఆ చేతులే పైకెత్తి మరీ ఆండాళమ్మ చేత ఒళ్ళంతా వెతికించుకుంది ఫణిశ్రీ.