కల్లం మీది వేడిగాలి

"పెద్దమ్మా, నీ కాళ్లు మొక్కుతా. నా వంతు అయ్యేదాక కాయ కుప్ప చెయ్యకు."

కల్లంలో ఎండుమిర్చి తిరగేస్తున్న పుల్లమ్మ తలెత్తింది. రామ్‌చందర్ ఆమెకు ముక్కూమొహం తెలియని కుర్రాడు. చేతిలో రిమోట్, చంకలో బొమ్మ విమానం.

"ఎందుకు బిడ్డా?"

"దీనికి ఇంజను లేదు. ఎర్రగా పరిచిన కాయ ఎండకు కాగితే వేడిగాలి లేస్తది. ఆ గాలి దొరికితేనే ఇది పైన నిలుస్తది."

"గట్లనా? సరే, నీ ఆట అయ్యేదాక ముట్ట. మాటిస్తున్న."

జూలూరుపాడు పక్క బీడులో ఆ రోజు కాలేజీల గ్లైడర్ పోటీ. ఎక్కువసేపు ఎగరేసినవాడు హైదరాబాద్ పోటీకి వెళ్తాడు. పోయినేడు రామ్‌చందర్ తన గ్లైడర్‌ను అందరికంటే ముందు నేల కూల్చుకుని నవ్వులపాలయ్యాడు. ఈసారి ముందుగానే వచ్చి చూసుకున్నాడు. చుట్టూ అడవి చల్లగా ఉంటే, గాలి లేచేది ఈ కల్లం మీదే.

అతని వంతు రాబోతుండగా భద్రాచలం వైపు మబ్బు పొంగింది. గాలి లెక్కలు నేర్చినవాడికి వాన మబ్బు తెలియదా? తెలుసు. చెప్తే ఆమె కాయ కుప్పకెత్తుతుందనీ తెలుసు.

"ఏంది బిడ్డా ఆ మబ్బు, గట్లున్నది?" పుల్లమ్మే అడిగింది.

"అది ఇటు రాదు పెద్దమ్మా." తడుముకోకుండా చెప్పాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది.

"సరే, కానియ్."

గ్లైడర్ కల్లం మీదికి రాగానే గద్దలా గిరికీలు కొడుతూ లేచింది. అందరికంటే ఎక్కువసేపు నిలిచింది. దోస్తులు అతన్ని భుజాల మీదికెత్తుకున్నారు. ఏరు దాటాక ఓడ మల్లయ్య బోడి మల్లయ్యే కదా, కల్లం వైపు అతను చూడనైనా చూడలేదు.

అంతలోనే కుండపోత.

వాన వెలిశాక గ్లైడర్ సర్దుకుని అటు వెళ్లాడు. పుల్లమ్మ ఏడాది పంట నీళ్లల్లో తేలుతోంది. తడిసిన కాయ తెల్లబారుతుంది, కొనే నాథుడుండడు. ఆమె వంగి దోసిళ్లతో కాయను ఎత్తి గట్టున పోసుకుంటోంది. ఆమె దగ్గరికి పోకుండా అతను పక్క కల్లం వైపు మళ్లాడు.

అక్కడ భీమక్క తన కుప్ప మీది టార్పాలిన్ సర్దుతోంది.

"పాపం, నా మాట నమ్మింది" అన్నాడు ఆమెతో.

భీమక్క మండిపడింది.

"నీ మాటనా? కుప్ప చేద్దాం రమ్మని నేను టార్పాలిన్ పట్టుకొస్తే ఆపింది. 'పిలగాడు అబద్ధమాడుతున్నడని మొకం చూస్తనే తెల్సింది వదినా, అయినా నేనిచ్చిన మాట అబద్ధం గావద్దు గదా' అన్నది."