కింద గదిలో భక్తి

"ఇది కోడి రక్తమే," అన్నాడు వెనస్టస్, తల్లి ఉతకడానికి వేసిన బట్ట అంచును వెలుతురుకి పట్టి. "కొంప మునిగింది లేటా. మీ నానమ్మ కింద గదిలో పాత దేవుళ్ళకి కోళ్ళు కోస్తోంది."

"మన కోళ్ళు తొమ్మిదీ దొడ్లోనే ఉన్నాయి నాన్నా," అంది కూతురు.

"బయట నుంచి తెప్పిస్తోందేమో."

మర్నాడు బిషప్పుగారి మనిషి ఉర్సస్ ఇల్లు సోదా చెయ్యడానికి వస్తున్నాడు. రోమ్‌లో కొత్త చట్టం వచ్చింది. ఏ ఇంట్లో పాత దేవుళ్ళకి ధూపం వేస్తే ఆ ఇల్లు జప్తు. అవెంటైన్ కొండ మీద అప్పటికే రెండిళ్ళు పోయాయి.

వెనస్టస్ తాత సూర్యుడికి మొక్కాడు, అప్పటి చక్రవర్తి మొక్కాడు కాబట్టి. తండ్రి జూపిటర్ గుడి పూజారి. వెనస్టస్ బాప్తిస్మం తీసుకుని పదేళ్ళయింది. దేవుడు మారినప్పుడల్లా ఆ ఇంటి గోడలకి సున్నం పడుతూనే ఉంది. మారనిది ఒక్కటే. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనస్టస్ తల్లి ఫురియా ఒక చేత్తో దీపం, ఇంకో చేత్తో తేనె రొట్టెల పళ్ళెం పట్టుకుని నేలమాళిగలోకి దిగి, లోపల గడియ వేసుకుంటుంది. కోడలిగా వచ్చిన ఏడు మొదలుపెట్టింది, డెబ్భై దాటినా మానలేదు. గంట తర్వాత పళ్ళెం ఖాళీగా వస్తుంది. ఒక్కోరోజు లోపల్నించి పాట కూడా వినిపిస్తుంది.

ఆ రోజూ గోడ పట్టుకుని మెల్లిగా మెట్లెక్కి వచ్చింది. వెనస్టస్ ఎదురెళ్ళి, ఇంటి ఆచారం ప్రకారం తల్లి పెదవుల మీద ముద్దు పెట్టాడు. ఆ ఇంటి మగవాళ్ళు దేవుళ్ళని మార్చారు గాని ఆ ఆచారం మాత్రం మార్చలేదు. పెట్టి మొహం చిట్లించాడు.

"మళ్ళీ ఆ ఆకు నమిలావా అమ్మా? అది పాత దేవుడు అపోలో చెట్టు ఆకు. ఎవరైనా వాసన పడితే ఇంకేమైనా ఉందా?"

"పంటి నొప్పిరా."

"నీకు పళ్ళేవీ?"

"అందుకే కాస్త తగ్గింది."

"నీ కాళ్ళు పట్టుకుంటాను. కింద ఏమున్నా ఇవాళే తీసెయ్యి. ఇల్లు పోతే వీధిన పడతాం."

"మీ నాన్న ముప్పై ఏళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు," అంది ఫురియా. "నువ్వు ఒక్క రోజు ఊరుకోలేవా?"

ఆ రాత్రి వెనస్టస్‌కి కంటి మీద కునుకు లేదు.

ఉర్సస్ పొద్దున్నే వచ్చాడు. పై గదులు చూసినట్టే చూసి తిన్నగా నేలమాళిగ తలుపు దగ్గరికి నడిచాడు. ఇరుగుపొరుగువాళ్ళు ముందే చెవిలో వేసినట్టున్నారు. ఫురియా దీపం పట్టుకుని ముందు దిగింది, మిగతావాళ్ళు వెనకే దిగారు.

లోపల విగ్రహం లేదు, ధూపం లేదు. ఒక పీట, ఒక కప్పు, మూల నడుమెత్తు జాడీ.

"అందులో ఏముంది?"

"దీపానికి నూనె," వెనస్టస్ గబగబా అన్నాడు. "అమ్మ పుట్టింటివాళ్ళు ఏటా పంపుతారు."

ఉర్సస్ నేల మీది ఎర్ర మరకల్ని పాదంతో రాశాడు.

"ఇవేమిటి అవ్వా?"

"యాభై ఏళ్ళ నుంచి వస్తున్నాను నాయనా. మోకాళ్ళు చూడు, ఎలా అరిగిపోయాయో."

"ఎవరికి మొక్కుతావు ఇక్కడ?"

"మా ఆయన ఉండగా ఆ మాటే ఎత్తేదాన్ని కాదు."

"ఆయనేం చేసేవాడు?"

"జూపిటర్ పూజారి. ఓసారి తలుపవతల నిలబడి, నీ క్రీస్తు సంగతి నేను బయటపెట్టను, నువ్వూ పెట్టకు అన్నాడు. పాపం, మళ్ళీ ఎప్పుడూ అడగలేదు."

బండ మనిషి ఉర్సస్ అక్కడే మోకాళ్ళూని, ఆ మరకల మీద చెయ్యి ఉంచి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"పూజారి కొంపలో యాభై ఏళ్ళు," అన్నాడు లేస్తూ. "వెనస్టస్, ఈ ఇంటి జోలికి ఇక ఎవరూ రారు. ఈ గదిలోకి అవ్వ తప్ప ఇంకెవరూ అడుగు పెట్టకూడదు. సాయానికి కావాలంటే మనవరాలు."

వెనస్టస్ తల్లిని పట్టుకుని బావురుమన్నాడు. "నిన్ను అనుమానించానమ్మా."

"పోనీలేరా," అంది ఫురియా.

మర్నాడు మధ్యాహ్నం దీపం లేటా పట్టుకుంది. కిందికి దిగాక ఫురియా గడియ వేసి, పీట మీద కూచుని, రొట్టె విరిచి ఒక ముక్క మనవరాలికిచ్చింది.

"దేవుడి రొట్టె కదా నానమ్మా, తినొచ్చా?"

"తిను. మీ తాత రోజూ సాయంత్రం నాకు ముద్దు పెట్టేవాడు. ప్రేమ అనుకున్నావా?"

"కాదా?"

"వాసన చూడ్డానికి. మన మగవాళ్ళు ఆ ఆచారం పెట్టిందే అందుకు."

"ఏం వాసన?"

ఫురియా కొంగులోంచి రెండు అపోలో ఆకులు తీసి లేటా చేతిలో పెట్టింది. "పైకెళ్ళేముందు నమలాలి, మర్చిపోకు. మీ నాన్న ముక్కు అచ్చం మీ తాతదే."

అప్పుడు వంగి జాడీ మూత తీసి, కప్పు ముంచి మనవరాలికి అందించింది.

జాడీలో నూనె చుక్క లేదు, అంతా ఎర్రటి పాత ద్రాక్షసారా.