సౌండెక్కడికి పోతోంది?

“నాలుగింటికి వాళ్ళు నా గొంతు వింటామన్నారు. నువ్వేమో ఇవాళే చూసుకుని కంప్యూటర్ గొంతు పిసికేశావు!”

వదినకి ఏడుపొక్కటే తక్కువ. మరిది లాప్‌టాప్ మీదికి వంగి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. పాత సిస్టం నత్తలా నడుస్తోందని పొద్దున తనే దాన్ని పీకేసి, ఊరికే దొరికే కొత్త సిస్టం ఎక్కించాడు. అన్నీ జుమ్మని పరుగెడుతున్నాయి. మాట మాత్రం పడిపోయింది.

“కంగారు పడకు వదినా. స్పీకర్ బాగానే ఉంది. కొత్త సిస్టానికీ దానికీ ఇంకా మాటల్లేవు, అంతే. మధ్యలో డ్రైవరని ఒక ప్రోగ్రాం ఉండాలి. అది ఇద్దర్నీ కలపాలి.”

“అంటే పెళ్ళిళ్ళ పేరయ్యన్నమాట.”

“సరిగ్గా చెప్పావు. పాత పేరయ్యని కొత్తవాళ్ళు గడప తొక్కనివ్వరు. ఇంకొకణ్ణి వెతుకుతున్నా.”

“త్వరగా వెతుకు బాబూ. అత్తయ్య చెవిన పడిందంటే నా పనైపోయినట్టే.”

లోపలి గదిలో చంటివాడి ఉయ్యాల పక్కనే అత్తగారు నడుం వాల్చింది. పిల్లాడికి నడకొచ్చేదాకా పనీ గినీ అనొద్దని ఆవిడ అన్నం వడ్డించినప్పుడల్లా చెబుతూనే ఉంది. ఇదేమో ఇంట్లో కూర్చుని పిల్లల కథలు చదివిపెట్టే ఉద్యోగం. పదో తరగతితో చదువాగిన మనిషికి ఇలాంటిది మళ్ళీ దొరకడం కల్ల. అది చేతికొచ్చాకే మెల్లగా చెబుదామని వదిన ఎత్తు.

“అమ్మకి మంచం కింద టపాసు పేల్చినా వినపడదులే,” అంటూ మరిది టకటకా ఏవో కొట్టాడు. తెర మీద అక్షరాలు చీమలబారులా పాకాయి. “దిగాడు! కొత్త పేరయ్య దిగాడు! ఇదిగో, అంకెల పేరుతో ఏదో దొరికింది, కలపమంటావా అని అడుగుతోంది. కలిపేశా!”

“ఏంటది?”

“మన స్పీకరే అయ్యుంటుంది. ఈ ఇంట్లో ఇంకేముంది?”

డప్పుల పాటొకటి పెట్టి సౌండ్ చివరికంటా పెంచాడు. ఇద్దరూ ముందుగానే చెవులు మూసుకున్నారు.

చీమ చిటుక్కుమనలేదు.

“కానీ ఆ పచ్చగీతలు చూడు, ఎలా గంతులేస్తున్నాయో! సౌండ్ పోతోంది వదినా!”

“పోతోంది సరే, ఎక్కడికి పోతోంది?”

“అదే అంతు పట్టట్లేదు. మైకు చూద్దాం. నువ్వు అన్నది అన్నట్టే బయటికి రావాలి. ఆ కథ చదువు.”

వదిన గొంతు సవరించుకుంది. “అనగనగా ఒక మొసలికి పంటినొప్పి వచ్చింది. వైద్యం తెలిసిన పిట్ట ఒకటి దాని నోట్లో తలపెట్టి, ‘ఏదీ, ఆ అను’ అంది. సరిగ్గా అప్పుడే మొసలికి తుమ్మొచ్చింది...”

“ఆగాగు. రావట్లేదు. మళ్ళీ మొదట్నుంచి.”

ఈసారి మొసలికి బొంగురు గొంతూ, పిట్టకి కీచు గొంతూ పెట్టింది. తుమ్ము దగ్గరికి రాగానే మరిది మళ్ళీ చెయ్యెత్తాడు. మూడోసారికి ఆమెకి బెరుకు పోయి ఊపొచ్చేసింది. ముక్కు ఎగబీల్చి, కళ్ళు తేలేసి, నోరు బార్లా తెరిచి, “హా... హా...” అంటుంటే మరిది నవ్వాపుకోలేక కుర్చీలోంచి జారిపోయాడు. అతన్ని చూసి ఆమె పొట్ట పట్టుకుని నేల మీద కూలబడింది. నాలుగు కావస్తోంది, స్పీకర్ ఉలకదు పలకదు, అయినా పాడు నవ్వు ఆగదే!

లోపలి గది తలుపు దభాలున తెరుచుకుంది.

చంకలో పిల్లాడితో, రేగిన జుట్టుతో అత్తగారు.

“పిల్లాడు లేస్తే వినపడాలని, మీ అన్న ఎప్పుడో కొనిచ్చింది ఇవాళే పెట్టెలోంచి తీసి పెట్టుకున్నాన్రా,” అంటూ ఆవిడ చెవిలోంచి చిక్కుడుగింజంత బ్లూటూత్ వినికిడి మిషన్ పీకి చూపించి, మళ్ళీ దోపుకుంది. “ముందు డప్పులు మోగాయి. నా పనైపోయింది, మోసుకుపోతున్నారనుకున్నా. కళ్ళు తెరిస్తే మంచం మీదే ఉన్నాను. ఆ తర్వాత ఈ మొసలి!”

వదిన నేల మీదే సర్దుకుని కూర్చుంది. “అత్తయ్యా... అది... నాలుగింటికి ఉద్యోగం వాళ్ళు వింటామంటేనూ... మీకు చెప్పకుండా...”

అత్తగారు పిల్లాణ్ణి మరిది ఒళ్ళో పడేసింది. చెవిలో మిషన్ సరిచేసుకుంది. కోడలికి ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“వాళ్ళు నాలుగింటికి వింటారుగా, విననీ. ముందు నాకు చెప్పి చావు, ఆ పిట్ట బతికిందా లేదా?”