రెండు కాపీల సిఫారసు

“డిసెంబర్ గడువుకు ఆగస్టులనే ఉరికొచ్చినవా? విమానం నువ్వే నడుపుతవా ఏంది?” అంటూ, నాలుగో ఏడాది విద్యార్థిని కృష్ణప్రియ అందించిన సిఫారసు లేఖ రెండు కాపీల మీదా విశ్వేశ్వర్ చూడకుండానే సంతకం గీకాడు.

సంగారెడ్డిలోని ఓ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన శాఖాధిపతి. విదేశీ యూనివర్సిటీలకు సిఫారసు లేఖలు పిల్లలే రాసుకొచ్చేవారు, ఆయన సంతకం పెట్టేవాడు. ఆ వేగం ఆయన పాఠానికి ఎన్నడూ లేదు.

“ఏం రాసుకున్నవ్? సరస్వతీదేవి చెల్లెల్ననా?”

“నిజమే రాశాను సార్.”

ఒక కాపీ లాక్కుని నవ్వుతూ చదివాడు. ‘మూడేళ్లలో ఈమెకు నేను ఒక్క పాఠమూ చెప్పలేదు. ల్యాబు తాళం అడిగితే కసిరాను. తండ్రి ఫ్యాక్టరీలో పాత మోటార్లు విప్పి తనే నేర్చుకుంది.’

పరపరా చింపేశాడు. “ఇగ ఎట్ల పోతవో చూస్త!”

“రెండోది నా దగ్గరుంది సార్. మీరు సొంతంగా రాసిస్తే ఇదీ చింపేస్తాను. మీకు టైం కావాలనే ఇంత ముందుగా వచ్చాను.”

విశ్వేశ్వర్ కలం తీశాడు. ‘ఈ విద్యార్థిని’ అని రాసి ఆగిపోయాడు. ఎంత వెతికినా ఆ తర్వాతి మాట దొరకలేదు.

“కూసో బిడ్డా,” అన్నాడు చివరికి. “ఆ మోటార్ల సంగతేందో జెర చెప్పు.”

చదువు గురించి ఆయన ఆమెను అడిగిన మొదటి ప్రశ్న అది.