కంగారమ్మ ముంచిన పుల్ల

"ఈల వేయకండి సార్. పిల్లలు నీళ్లలో దిగకూడదు."

కోచ్ నోట్లోంచి ఈల తీశాడు. ఎదురుగా కంగారమ్మ. చెరువు దగ్గర అందరూ ఆవిడకు పెట్టిన పేరది. ఈత జట్టు ఎంపిక కోసం గట్టున వరసగా నిలబడ్డ ఆడపిల్లల్లో మూడో పిల్ల ఆవిడ కూతురు.

"మొన్న మెరుపన్నారు. అంతకుముందు జలగలన్నారు. ఇవాళేంటమ్మా?"

"నీళ్లు చూడండి. ఆకుపచ్చ పెయింటు ఒలకబోసినట్టు లేవూ?"

"చెరువన్నాక నాచుండదా?"

ఆవిడ ఒక ఎండుపుల్ల ముంచి తీసింది. "మామూలు నాచైతే పోగులు పోగులుగా వేలాడాలి. ఇది చూడండి, రంగులా పూసుకుపోయింది. విషపు రకమేమో. ఒక్క గుక్క లోపలికి పోయిందంటే..."

"అమ్మా, పరువు తీయకు," అంది కూతురు పళ్ల బిగువున. "ఈ పోటీ పోతే ఈ ఏడాది నాకు జట్టులో చోటుండదు."

కంగారమ్మ ఫోను తీసింది. ఎక్కడా చూసుకోకుండా ఒక నంబరు నొక్కి విషయం చెప్పింది.

"పావుగంట చూస్తాను," అన్నాడు కోచ్. "ఎవరూ రాకపోతే ఈల వేస్తా. మీ అమ్మాయిని దించడం, దించకపోవడం మీ ఇష్టం."

పన్నెండో నిమిషంలో జీపు వచ్చి ఆగింది. నీటి పరీక్షల అధికారిణి దిగి, ఒడ్డుకు వెళ్లి చూసి, వెనక్కి తిరిగింది.

"ఒక్కరు కూడా దిగొద్దు."

సీసాలో నీళ్లు పట్టి, పరీక్ష చేసి, పెదవి విరిచింది. "విషమే. పోటీ రేపు ఈతకొలనులో పెట్టుకోండి."

కోచ్ ఈల జేబులో వేసుకున్నాడు. కూతురు వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఆ నంబరు పెట్టి ఆరేళ్లయింది, ఇదే మొదటి ఫోను," అంది అధికారిణి. "కాలేజీలో పాఠాలు చెబుతారా మీరు?"

"ఏడో తరగతితో ఆపేశానమ్మా."

"మరి ఇవన్నీ ఎలా తెలుసు?"

కంగారమ్మ తాను రోజూ కూర్చునే బెంచీ ఎదుట వేలాడుతున్న తువ్వాళ్లను పక్కకు జరిపింది. వాటి వెనక అధికారిణి శాఖ వాళ్లదే ఒక బోర్డు: పెయింటు లాంటి నీళ్లు, పుల్ల, ఫోను నంబరు.

కోచ్ తల గోక్కున్నాడు. "రోజూ దీనిమీదే తువ్వాళ్లు వేస్తాను. ఒక్కసారీ చదవలేదు."

"మీకేం సార్, ఈతొచ్చు. పిల్ల నీళ్లలో ఉంటే అటు చూడాలంటే నాకు ప్రాణం పోతుంది. నాలుగేళ్లుగా చెరువుకు వీపు పెట్టి, తువ్వాళ్లు పక్కకు జరుపుకుని, ఈ బోర్డే చదువుకుంటూ కూర్చుంటున్నా."